గంజి పెట్టని సలాం

సోమవారం. మంచినీటి కొళాయి ప్రారంభోత్సవం.

ఈరోజు ఒక కొళాయికి సలాం కొట్టి వచ్చాం. పాత రేవు వార్డులో సముద్రపు నీళ్లను తాగేనీళ్లు చేసే యంత్రం పెట్టారు. మంత్రిగారు తిప్పగానే కొళాయి దగ్గింది, ఉమ్మింది, కాసేపటికి నీళ్లు పోసింది. మేం వరసలో నిలబడి తుపాకులు ఎత్తి పట్టాం. బ్యూగిల్ మోగింది. జనం బిందెలతో ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ తోపులాట ఆపడం మా పని కాదు, గద్దల పని. పైన తిరిగే ఆ యంత్రాలు రెండు కిందికి దిగి కీచుమనగానే జనం బుద్ధిగా క్యూ కట్టారు. మా వంక ఒక్కరూ చూడలేదు.

పోలీసంటే ఇప్పుడు ఇంతే. దొంగల్ని గద్దలు పట్టుకుంటాయి, కేసులు యంత్రాలు రాసుకుంటాయి, తీర్పులు కూడా అవే చెప్పుకుంటాయి. మనుషులకు మిగిల్చింది జెండా వందనాలు, ప్రారంభోత్సవాలు, శవాలు. మా గౌరవ దళం మొత్తంలో దొంగను పరిగెత్తి పట్టుకున్నవాడు కూర్మయ్య బాబాయ్ ఒక్కడే. ఆ కథ చెప్పిన ప్రతిసారీ దొంగ కొంచెం ఎత్తు పెరుగుతాడు.

ఆయన నాకు చుట్టం కాదు. నేను దళంలో చేరిన కొత్తలో చొక్కాకు గంజి పెట్టడం, బూటు ముక్కు మీద మొహం కనబడేలా పాలిష్ తేవడం నేర్పింది ఆయనే. అలా బాబాయ్ అయ్యాడు. ఇప్పుడు నేను హెడ్ కానిస్టేబుల్ అసిరితల్లిని. దళం బట్టలన్నీ నా పూచీ.

పొద్దున అద్దం దగ్గర నా గుండె జారింది. మైదానం గేటుకి నిలువెత్తు అద్దం ఉంటుంది. ఒక్కొక్కరం దాని ముందు నిలబడాలి. కాలరు, మడత, బెల్టు, బూటు అన్నీ చూసి పచ్చదీపం వెలిగిస్తుంది. బాబాయ్ నిలబడితే ఆ దీపం వెంటనే వెలగలేదు, కాస్త ఆలోచించింది. నేను వెనక నుంచి చూశాను. ఆయన మెడకీ కాలరుకీ మధ్య నా వేళ్లు పట్టేంత సందుంది. మనిషి చిక్కిపోతున్నాడు.

ఎర్రదీపం వెలిగితే ఆ మధ్యాహ్నమే గట్టు బండి ఎక్కాలి. సముద్రం ఊళ్లోకి రాకుండా కట్టిన గట్టు అది. పగలంతా నడుం లోతు నీళ్లలో రాళ్లు మోయాలి. గడ్డం కింద పుండు లేచి గీసుకోలేకపోయాడని మా లోకనాథాన్ని కిందటేడు అక్కడికే పంపారు. లోకనాథం పడుచువాడు, తట్టుకుంటున్నాడు. బాబాయ్ అయితే నెల తిరక్కుండా పోతాడు. వానలు మొదలయ్యేనాటికి ఆయన రిటైరవుతాడు. పోలీసు లైన్లలో ఒక గదీ రేషనూ ఇస్తారు. అప్పటిదాకా ఆ చొక్కా ఆయన ఒంటి మీద నిండుగా కనబడాలి. నాకిక వేరే పని లేదు.

గురువారం. సెలవు.

ఇస్త్రీ గదిలో బాబాయ్ చొక్కా కుట్లు విప్పి చుట్టుకొలత తగ్గించాను. ఆయన బనీనుతో బల్ల మీద కూర్చుని నన్ను చూస్తూ ఉన్నాడు. పక్కటెముకలు బయటికి వచ్చాయి.

"డాక్టరు దగ్గరికెళ్లవేం బాబాయ్?" అన్నాను.

"ఎల్తే ఆడేటి సేస్తాడు? కాయితం రాస్తాడు. ఆ కాయితం అద్దం సదువుతాది. నానేటో నా ఒంటికి తెల్దేటి? ఊరుకో."

ఒళ్లు మండింది. అయినా ఆయన అన్నది నిజమే. జబ్బుపడ్డ మనిషి వరసలో ఉంటే వరస అందం చెడుతుందని పైవాళ్ల నమ్మకం. అందుకని కుడుతూ కూర్చున్నాను. దళంలో అందరికీ చెప్పాను, బాబాయ్‌ని కాపాడాలంటే దళమంతా తళతళలాడాలని. చుట్టూ అందరూ మెరుస్తుంటే మధ్యలో ఒక్క వదులు కాలరు కంటికి ఆనదని నా లెక్క. తవిటయ్య అప్పుడే బూట్ల పాలిష్ డబ్బా తీశాడు. తవిటయ్యకు బూట్లంటే భక్తి. పెళ్లాం మీద కూడా అంత ప్రేమ లేదని ఆమే చెబుతుంది.

మా రేషను బియ్యంలో గంజి వార్చి చొక్కాలకు పెట్టాం. బయట జనం ఆ గంజి తాగడానికి దొరక్క అల్లాడుతున్నారు. మేం బట్టలకు తాగించాం. గట్టిగా అట్టలా నిలబడ్డాయి.

ఆదివారం.

బాబాయ్ కూతురు దమయంతి వచ్చింది. రేవులో చేపలు ఎండబెట్టే చోట పని చేస్తుంది. వారానికోసారి తండ్రికి కూర తెస్తుంది. వస్తే ముందు ఆయన యూనిఫాం తగిలించిన కొక్కెం దగ్గరికే వెళ్లి బొత్తాలు తడిమి చూస్తుంది. చిన్నప్పుడు ఆ బొత్తాల్లో తన మొహం చూసుకునేదట.

"అక్కా, మా అయ్య చొక్కా కుదించినావా?" అని అడిగింది.

"కొత్త ఫ్యాషన్‌లే," అన్నాను.

నవ్వలేదు. తండ్రి తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని ఆయన చేతులే చూసింది.

బుధవారం. నెల మొదటి రోజు.

అద్దం పెట్టే గీత పెరిగింది. దళమంతా అంత బాగున్నా బాబాయ్ పచ్చదీపం కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. తవిటయ్యకు కూడా దీపం తటపటాయించింది. నాకు అర్థం కాలేదు. తిన్నగా మా దళం పెద్ద, ఆర్ఐ వరహాలరావు గారి గదికి వెళ్లాను. ఆయన తలుపు మూసి, కిటికీ కూడా మూశాడు.

"మీరంతా ఈ నెల ఎందుకమ్మా అంతలా మెరిశారు?" అన్నాడు.

"కూర్మయ్య బాబాయ్ కోసం సార్."

ఆయన తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారమ్మా. అద్దానికి సొంత కొలత అంటూ లేదు. పోయిన నెల దళమంతా ఎలా ఉందో చూసి ఈ నెల గీత గీస్తుంది. డ్యూటీల్లో గద్దలు పైనుంచి చూసేదంతా ఆ లెక్కలోకే పోతుంది. మీరు బాగుంటే అది ఇంకా బాగుండమంటుంది."

"మరి ముందే చెప్పలేదేం సార్?"

"చెబితే మీరు మాసిపోతారని చెప్పొద్దన్నారు."

బాబాయ్‌ని కాపాడుతున్నాననుకుంటూ నా చేత్తో నేనే గోతిలోకి తోస్తున్నాను.

శుక్రవారం. కలెక్టరు గారి రాక.

ఇస్త్రీ గదిలోకి గద్దలు రావు. అక్కడే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అద్దం దగ్గర బాగుండాలి, ఎందుకంటే ఉండడం పోవడం తేలేది అక్కడే. అద్దం దాటి డ్యూటీకి వెళ్లాక మాసిపోవాలి. అక్కడ గద్దలు చూస్తాయి గాని ఎర్రదీపం వెలిగించలేవు, వచ్చే నెల లెక్కకి రాసుకుంటాయంతే. మనం నలిగితే గీత దిగుతుంది. గీత దిగితే బాబాయ్ నిలుస్తాడు. ఈ మాట మాత్రం ఈ గది దాటకూడదు. బయట గద్దల చెవిన పడితే మోసం కింద దళాన్నంతా గట్టుకి తోలతారు.

బాబాయ్ ఒప్పుకోలేదు. "నాకోసరం మీరందరూ సిగ్గొగ్గేస్తారా? జనం ముందు మురికిగుడ్డల్తో నిలబడతారా? నాను పోతే పోతాను గాని ఆ పని సెయ్యొద్దు."

"జనం మన వంక ఎప్పుడు సూసినారు మావా?" అంది హైమావతి. దళంలో చిన్నది ఆమే. "కొళాయికేసి సూస్తారు గానీ మనకేసి సూస్తారేటి?"

బాబాయ్ కాసేపు గొణిగి చివరికి తనే లేచాడు. మాయడంలో కూడా మేం తప్పు చేస్తుంటే చూడలేకపోయాడు పాపం. "అలగ కాదే. మొత్తం నలిపేస్తే గద్దకి అనుమానమొస్తాది. కాలరు కాడ ఒక ముడత, మోచెయ్యి కాడ ఒకటి. టోపీ కాస్త ఎనక్కి. బూటుకి దుమ్ము సాలు, బురదొద్దు." జన్మంతా నిటారుగా నిలబడడం నేర్పిన మనిషి వంగడం నేర్పుతున్నాడు. మేం నవ్వాం. తవిటయ్య మాత్రం నవ్వలేదు. బూట్ల మీద దుమ్ము చల్లుకోమంటే కళ్లు మూసుకుని చల్లుకున్నాడు.

కలెక్టరు గారు మమ్మల్ని చూసి పెదవి విరిచారు. తల కొట్టేసినట్టయింది. కానీ ఓర్చుకున్నాం.

శనివారం. నెల మొదటి రోజు.

గీత దిగింది! బాబాయ్ అలా నిలబడ్డాడో లేదో పచ్చదీపం వెలిగింది. లోపలికి వెళ్లాక ఆయన నా వంక చూసి కన్ను గీటాడు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం హైమ ఇస్త్రీ గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కడుపుతో ఉందట. ఇప్పటికే బెల్టు బిగిసిపోతోంది. ఆర్ఐ గారు మినహాయింపు అడిగితే పైనుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది, గౌరవ దళం దుస్తుల ప్రమాణాల్లో ఎవరికీ మినహాయింపు లేదని. తొమ్మిదో నెల వస్తే గాని సెలవు ఇవ్వరు.

అంటే అప్పటిదాకా ఈమెనీ అద్దం దాటించాలి. బాబాయ్ చొక్కాలో నుంచి తీసిన గుడ్డ ముక్కలు నా దగ్గర ఉన్నాయి. ఒకే తాను, ఒకే ఖాకీ. వాటిని హైమ చొక్కా పక్కల్లో పెట్టి వదులు చేశాను. ఒకరికి కుదిస్తూ, ఆ కుదించిన గుడ్డతోనే ఇంకొకరికి పెంచుతూ కూర్చున్నాను. ఏ కంటితో చూసినా అతుకు కనబడదు.

గురువారం. లోకనాథం అంత్యక్రియలు.

గట్టు తెగిందని నిన్న కబురు వచ్చింది. తెగిన చోట చిక్కుకున్న కూలీలను ఒక్కొక్కరినే లాగి పైకి తోసి, చివరికి తనే కొట్టుకుపోయాడు లోకనాథం. ఒంటి మీద యూనిఫాం లేకపోయినా పోలీసులానే చచ్చిపోయాడు. సర్కారు వారికి ఇప్పుడు గుర్తొచ్చాడు. పూర్తి పోలీసు లాంఛనాలట. గడ్డం గీసుకోలేదని తరిమేసినవాడికి!

బయల్దేరే ముందు ఇస్త్రీ గదిలో అందరికీ చెప్పాను. "అనుకున్నట్టే. అద్దం దాటాక కాలర్లు వదులు చెయ్యండి." అందరూ తలూపారు. నేనూ ఊపాను.

శ్మశానం దగ్గర వ్యాను దిగాం. లోకనాథం తల్లి చాపమీద కూర్చుని ఉంది. కొడుకు మీద జెండా కప్పి ఉంది. మేం వరస కట్టాం. ఇప్పుడు కాలరు నలపాలి, టోపీ వెనక్కి జరపాలి. నా చెయ్యి కాలరు దాకా వెళ్లింది. ఆ ముసలామె మమ్మల్నే చూస్తోంది. మా వంక ఎవరూ చూడరనుకునేదాన్ని కదా, ఆమె చూస్తోంది. నా ఒక్కదాని కాలరు బాగుంటే కొంప మునిగిపోదులే అనుకున్నాను. మిగతావాళ్లు నలుపుకుంటారు కదా. చెయ్యి దింపేశాను.

వరస చివర నుంచి బాబాయ్ గొంతు మోగింది. "శోక్ శస్త్ర్!" తుపాకులు తలకిందులు చేసి, పైకి వచ్చిన తుపాకి మడమల మీద చేతులు పెట్టి, తలలు వంచాం. ఆ వంచిన తలల కింద నుంచి నేను వరస చూశాను. ఒక్క ముడత లేదు. తవిటయ్య బూట్లలో ఆకాశం కనబడుతోంది. హైమ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని నిలబడింది. బాబాయ్ చొక్కా నిండుగా ఉంది. అద్దం కోసం లోపల పెట్టుకున్న దూది, అద్దం దాటాక తీసేస్తానన్నది, తియ్యలేదు. నేను చేరిననాటి కూర్మయ్యలా ఉన్నాడు.

అందరూ నాలాగే అనుకున్నారు. నా ఒక్కడిదే కదా అని.

పైన గద్దలు గుండ్రంగా తిరుగుతూ చూసుకున్నాయి. తుపాకులు పేలాయి. లోకనాథం తల్లి లేచి వచ్చి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంది. "నా కొడుకుని రాజునాగ పంపినారు బాబూ. మీ కడుపులు సల్లగుండ," అంది. తిరుగు దారిలో వ్యానులో ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

సోమవారం. నెల మొదటి రోజు.

లాంఛనాల డ్యూటీ ఒక్కటీ అద్దం లెక్కలో నెల పరేడ్లన్నిటికంటే బరువట. గీత ఎన్నడూ లేనంత పైకి పోయింది.

బాబాయ్‌కి ఎంత దూది పెట్టినా, నేను ఎంత కుట్టినా మెడ మీద చర్మం వేలాడుతోంది. దాన్నేం కుట్టగలను? ఎర్రదీపం వెలిగింది. అందరం చూశాం. తర్వాత నిలబడిన హైమకు పచ్చదీపం వెలిగేసరికి నా ప్రాణం చచ్చిపోయింది, అంతసేపు పట్టింది.

తీసేసిన మనిషి బెల్టూ టోపీ దళం ముందు విప్పి ఇవ్వాలి. అందుకోవలసింది బట్టల హెడ్డు, అంటే నేను. ఆయన బెల్టు విప్పుతుంటే నా చేతులు ముందుకు రాలేదు. ఆయనే దాన్ని చక్కగా చుట్టి, ఇత్తడి బిళ్ల పైకి వచ్చేలా నా చేతుల్లో పెట్టాడు.

"తప్పు మాదే బాబాయ్," అన్నాను.

"ఆ రోజు మనం బాగున్నాం గదే?" అన్నాడు.

"బాగున్నాం."

"మరింకేటి. ఆ లోకనాథం గుంటడు మనోడు. ఆడి కాడ కూడా బాగుండకపోతే ఇంక మనమెందుకు?" నా భుజం తట్టాడు. "హైమ జాగర్త. దాన్ని మాత్రం బండెక్కనివ్వకండి. నా మీద ఒట్టు."

గట్టు బండి ఎక్కేటప్పుడు బనీను మీద ఉన్నాడు. ఎంత సన్నగా ఉన్నాడో దళమంతా అప్పుడు చూసింది. తవిటయ్య గోడవైపు తిరిగిపోయాడు.

ఆదివారం.

దమయంతి కూర గిన్నెతో వచ్చింది. మంచం ఖాళీ, కొక్కెం ఖాళీ. ఏమైందని అడిగింది.

"అద్దం తప్పింది," అన్నాను.

"మరి నెల కితం బాగానే దాటినాడు గదా? అప్పటికన్న ఏటంత సిక్కిపోనాడు?"

లోకనాథం శవం దగ్గర మేం కాలర్లు నలుపుకోలేకపోయామని ఎలా చెప్పను? మేం ముస్తాబైనందుకు మీ నాన్న పోయాడని ఏ నోటితో చెప్పను? ఆ పిల్ల గిన్నె తీసుకుని గట్టువైపు నడిచింది. నేను గేటు దాకా వెళ్లి ఆగిపోయాను. పిరికిదాన్ని.

మంగళవారం. కూర్మయ్య బాబాయ్ అంత్యక్రియలు.

పొద్దున్నే ఆర్ఐ గారు ఇస్త్రీ గదికి వచ్చి టోపీ తీశాడు. ఆయన టోపీ తియ్యడంతోనే నాకు తెలిసిపోయింది. రాళ్ల మీద కూలబడి మళ్లీ లేవలేదట. వానలు ఇంకా రానేలేదు. పాత ఉద్యోగి కాబట్టి లాంఛనాలు ఇస్తారట. ఈ సర్కారుకి మనుషులు చచ్చాకే ముద్దు.

శవాన్ని ముందు మా దగ్గరికే తెచ్చారు, బట్టలు తొడగడానికి. చచ్చినవాళ్లని అద్దం కొలవదు. దళంలో ఉన్న గంజి అంతా ఆయన చొక్కాకే పెట్టాం. ఒంటికి తగ్గట్టు ఇంకోసారి కుట్టాను, ఈసారి ఏ కుట్టూ దాచాల్సిన పని లేదు. ఇస్త్రీ చేస్తుంటే నీళ్లు చల్లుకోనక్కర్లేకపోయింది, కళ్లలోంచి అవే పడ్డాయి. తవిటయ్య ఆయన బూట్లు ఒళ్లో పెట్టుకుని తుడుస్తూనే ఉన్నాడు. బొత్తాలు నేను తోమాను. మెడ దగ్గర కాలరు ఎంత చక్కగా కూర్చుందో.

తర్వాత అందరినీ నిలబెట్టాను. హైమ కూడా ఉంది, ఇప్పుడు ఎవరు చూసినా తెలిసిపోతుంది. ఈ నెల గీతకు ఆమె ఎలా దాటిందో దేవుడికే తెలియాలి. గీత మళ్లీ పెరిగితే దాటదు. పొట్టలో బిడ్డతో ఆ నీళ్లలోకి దిగాలి.

"ఈసారి ఎవరూ నా ఒక్కడిదే కదా అనుకోవద్దు," అన్నాను.

తవిటయ్య అడ్డం తిరిగాడు. "కూర్మయ్య కాడికా? కూర్మయ్య కాడికి మురికిబూట్లతోనా? నా వల్ల కాదు అసిరీ. ఇంకేదైనా సెప్పు, సేస్తాను."

"హైమ బండెక్కకూడదని ఒట్టు పెట్టి పోయాడు తవిటయ్యా."

హైమ గోడకు ఆనుకుని ఏడ్చేసింది. "నాను బండెక్కేస్తానక్కా. మావకి బాగా సెయ్యండి."

"నోరు ముయ్," అన్నాను. గట్టిగానే అన్నాను.

శ్మశానంలో వ్యాను దిగగానే, గద్దలు చేరకముందే, నేనే ముందు కాలరు పట్టుకుని నలిపాను. టోపీ పక్కకు లాగాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి నా చేతుల్తో వాళ్ల మడతలు చెరిపాను. ఒక ముడత చాలదు ఇప్పుడు, గీత ఆకాశంలో ఉంది. చొక్కాలు బెల్టుల్లోంచి బయటికి లాగాను. తవిటయ్య తనే మట్టిలో బూటు రుద్దాడు. ఏడుస్తూ రుద్దాడు, ఒకదాని తర్వాత ఒకటి.

తలెత్తి చూస్తే దమయంతి. తండ్రి పాడె పక్కన నిలబడి ఇదంతా చూస్తోంది. మేం దిగినప్పుడు ఎలా ఉన్నామో చూసింది, ఇప్పుడు ఎలా ఉన్నామో చూస్తోంది. కావాలని చేసుకుంటున్నామని ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది?

ఇదివరకు శోక్ శస్త్ర్ ఆజ్ఞ ఇచ్చేది బాబాయే. ఈసారి నేను ఇచ్చాను. తుపాకులు తలకిందులయ్యాయి. కొందరివి ఆలస్యంగా, కొందరివి వంకరగా, నేను చెప్పినట్టే. ఇంత చెత్త పరేడు నా సర్వీసులో చూడలేదు. ఆయన చూసి ఉంటే మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. గద్దలు తిరుగుతూ చూసుకున్నాయి.

జెండా మడిచి కూతురికి ఇవ్వాల్సింది నేనే. దగ్గరికి వెళ్లి రెండు చేతులతో చాచాను. దమయంతి జెండా అందుకోలేదు. నా వేలాడే చొక్కా వంక, దుమ్ము పట్టిన బూట్ల వంక చూసింది.

"లోకనాథం బావకి ఎలగ సేసినారో సూసినాను," అంది. "ఊరంతా సెప్పుకున్నారు. మా అయ్య మీకేటి తక్కువ సేసినాడక్కా? బట్ట కట్టుకోడం నేర్పినాడు గదా మీకు?"

మా తల మీదే గద్ద ఉంది. దాని చెవికి అందకుండా ఒక్క మాట చెప్పలేను. చెబితే హైమతో పాటు అందరూ బండెక్కుతారు. సలాం కొట్టాను. అది కూడా వంకరగానే కొట్టాలి, కొట్టాను. ఆమె జెండా లాక్కున్నట్టు తీసుకుని వెనక్కి తిరిగింది.

బుధవారం.

దమయంతి ఇంటికి వెళ్లాను. ఇంట్లోకి గద్దలు రావు, లోపల కూర్చుని అంతా చెప్పేద్దామనుకున్నాను. అంతా చెప్పాక కొట్టినా తిట్టినా పడదామనుకున్నాను. తలుపు తట్టాను. లోపల అలికిడి వినబడుతోంది. పేరు పెట్టి పిలిచాను. అలికిడి ఆగిపోయింది గాని తలుపు తెరుచుకోలేదు. వీధిలో నిలబడి చెప్పే మాట కాదు. చాలాసేపు నిలబడి వచ్చేశాను.

గురువారం. నెల మొదటి రోజు.

గీత కూలిపోయింది. అద్దం పెట్టిన నాటి నుంచి ఇంత కిందికి ఎప్పుడూ రాలేదని ఆర్ఐ గారు అన్నారు. తవిటయ్యకి పచ్చదీపం. నాకు పచ్చదీపం. హైమ పొట్ట మీద బొత్తాం పట్టక పిన్ను పెట్టుకుని వచ్చింది, ఆమెకు కూడా వెంటనే పచ్చదీపం. ఈ లెక్కన తొమ్మిదో నెల దాకా ఢోకా లేదు.

హైమ దాటి అవతలికి వెళ్లాక తవిటయ్య అద్దం ముందు నుంచి కదల్లేదు. ఆ పచ్చదీపాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఈ గీతకైతే మా కూర్మయ్య బనీను మీద దాటేసేవోడు," అన్నాడు.

ఆర్ఐ గారు పిలిచారు, పరేడుకి లోపలికి వెళ్లాం.